మూడు క్యూలు, ఒక బ్రిడ్జి: అపాచీ కామెల్ మూడేళ్లు వాడాక నా రివ్యూ

మా ఆఫీసులో మూడు మెసేజ్ క్యూలు ఉన్నాయి, అంటే ఒక ప్రోగ్రామ్ పంపిన కబురుని ఇంకోటి తీసుకునేదాకా దాచి ఉంచే సాఫ్ట్‌వేర్లు. అప్పుల ఖాతాలు చూసే పాత కోర్ సిస్టమ్ ఐబీఎం ఎంక్యూ తప్ప ఇంకోటి ఎరగదు. బ్రాంచీల్లో వసూళ్ల సాఫ్ట్‌వేర్ యాక్టివ్‌ఎంక్యూ మీద నడుస్తుంది. మొబైల్ యాప్, ఎస్సెమ్మెస్‌లు చూసే టీమ్ రాబిట్‌ఎంక్యూ పెట్టుకుంది. ఏ టీమ్ కారణాలు ఆ టీమ్‌కి ఉన్నాయి, ఎవరినీ తప్పు పట్టను. కానీ సూర్యాపేట బ్రాంచిలో ఒకావిడ ఈఎంఐ కడితే ఆ కబురు మూడు చోట్లకీ చేరాలి. ఒక్కసారే చేరాలి, చెడిపోకుండా చేరాలి. హైదరాబాద్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీలో ఆ చేరవేసే కోడ్ రాసేది నేను.

ఈ పనికి మూడేళ్లుగా అపాచీ కామెల్ అనే జావా లైబ్రరీ వాడుతున్నాను. రకరకాల సిస్టమ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేయడమే దాని పని. దీని గురించి తెలుగులో రాసినవి నాకు పెద్దగా దొరకలేదు. ఇలాంటి పనిలో ఉండి రాత్రిపూట ఒంటరిగా లాగ్‌లు చూస్తున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు కామెల్ లేనప్పటి సంగతి చెప్పాలి. అప్పట్లో మేమే జావాలో రాసుకున్న బ్రిడ్జి ఉండేది, దాదాపు 1,400 లైన్లు. ఐబీఎం ఎంక్యూ నుంచి మెసేజ్ తీసి రాబిట్‌ఎంక్యూలో వేసే అసలు పని అందులో ముప్పై లైన్లకి మించదు. మిగతాదంతా కనెక్షన్ తెగితే మళ్లీ కలపడం, థ్రెడ్‌లు చూసుకోవడం, సర్వర్ ఆపేటప్పుడు చేతిలో ఉన్న మెసేజ్‌ని ఏం చెయ్యాలన్నది, లాగ్‌లు. ఆ మిగతా కోడ్‌లోనే బగ్‌లన్నీ ఉండేవి. కనెక్షన్ తెగిందని ఐబీఎం ఎంక్యూ 2009 కోడ్ ఇస్తుంది, అనుమతి లేదని 2035 ఇస్తుంది. మొదటిదానికి మళ్లీ ప్రయత్నించాలి, రెండోదానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు. మా కోడ్ రెండింటికీ ఒకే పని చేసేది. పాస్‌వర్డ్ మారిన రోజున తెల్లారేదాకా కనెక్ట్ అవడానికి ప్రయత్నిస్తూనే ఉండిపోయింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. రాబిట్‌ఎంక్యూలో పబ్లిషర్ కన్‌ఫర్మ్ అని ఉంటుంది. మనం పంపిన మెసేజ్‌ని బ్రోకర్ (క్యూలు నడిపే సర్వర్) తీసుకుందని చెప్పే రసీదు అది. ఆ రసీదు చూశాకే ఐబీఎం ఎంక్యూలో మెసేజ్ కొట్టేసేలా రాశాం. అంతా పకడ్బందీగా ఉందనుకున్నాం. రెండు రోజుల తర్వాత యాప్ టీమ్ వాళ్లు వచ్చి, కొన్ని బ్రాంచీల కస్టమర్లకి ఎస్సెమ్మెస్‌లు వెళ్లడం లేదన్నారు. మా లాగ్ చూస్తే ప్రతి మెసేజ్‌కీ కన్‌ఫర్మ్ వచ్చినట్టే ఉంది. మొత్తం వెతికితే రౌటింగ్ కీ (మెసేజ్ ఏ క్యూకి వెళ్లాలో చెప్పే చిరునామా) దగ్గర తేలింది. మా వైపు హైఫన్, వాళ్ల వైపు అండర్‌స్కోర్. ఆ కీకి ఏ క్యూ కూడా కట్టి లేదు. అలాంటప్పుడు రాబిట్‌ఎంక్యూ ఎక్స్ఛేంజి (ఆ చిరునామా చూసి మెసేజ్‌లని క్యూలకి పంచే భాగం) మెసేజ్‌ని తీసుకుని, వెయ్యడానికి క్యూ లేదు కాబట్టి వదిలేసి, కన్‌ఫర్మ్ మాత్రం ఇస్తుంది. అది దాని నియమం, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. మాండేటరీ అనే ఫ్లాగ్ పెడితే మెసేజ్‌ని తిరిగి పంపుతుంది. లేదంటే ఆల్టర్నేట్ ఎక్స్ఛేంజి పెట్టుకుంటే దిక్కులేని మెసేజ్‌లన్నీ అక్కడ చేరతాయి. మేం రెండూ పెట్టలేదు.

మా నాన్నగారు పాలకొల్లు దగ్గర పోస్టాఫీసులో పనిచేశారు. అప్పట్లో రిజిస్టర్డ్ ఉత్తరం కౌంటర్‌లో తీసుకున్నందుకు ఇచ్చే రసీదు వేరు, ఇంటికి చేరాక సంతకం పెట్టించుకొచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వేరు. చిన్నప్పుడు నాకు ఈ తేడా విడమరిచి చెప్పేవారు. ఆ రెండు రోజులూ నేను కౌంటర్ రసీదు చూసి కార్డు వచ్చిందనుకున్నాను. క్యూలు కలిపే పనిలో ఉన్న ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: మీ కోడ్ ఏ రసీదు చూసి ఇటువైపు మెసేజ్ కొట్టేస్తోందో తెలుసుకోండి. మిగతావన్నీ తర్వాత.

ఇంకో అపోహ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా మేనేజర్లు ఇప్పటికీ అడుగుతుంటారు. "ఐబీఎం ఎంక్యూ, యాక్టివ్‌ఎంక్యూ రెండూ జేఎంఎస్సే కదా, వాటి మధ్య బ్రిడ్జి ఎందుకండీ?" జేఎంఎస్ (జావా మెసేజ్ సర్వీస్) 1998లో వచ్చింది. అది జావా ప్రోగ్రామ్ రాసేవాళ్ల కోసం చేసిన ఏపీఐ ప్రమాణం, అంటే కోడ్‌లో ఏ ఆదేశాలు రాయాలో చెప్పేది. తీగ మీద బైట్లు ఎలా వెళ్లాలో అది చెప్పదు. 1414 పోర్టులో ఐబీఎం ఎంక్యూ తన సొంత ప్రోటోకాల్‌లో మాట్లాడుతుంది, 61616లో యాక్టివ్‌ఎంక్యూ ఓపెన్‌వైర్‌లో మాట్లాడుతుంది. రెండు ఆఫీసుల్లో దరఖాస్తు ఫారం ఒకేలా ఉందని వాటి రికార్డులు వాటంతటవే కలిసిపోవు. రాబిట్‌ఎంక్యూ సంగతి ఇంకా వేరు. అది 2007లో ఏఎంక్యూపీ అనే ప్రోటోకాల్ చుట్టూ పుట్టింది, తీగ మీద మాట ఎలా ఉండాలన్నదే దానికి మొదటి సంగతి. 5672లో అది మాట్లాడేది ఆ భాషే.

ఇక కామెల్. ఇది కూడా 2007లోనే యాక్టివ్‌ఎంక్యూ ప్రాజెక్టులో భాగంగా మొదలైంది, తర్వాత సొంత ప్రాజెక్టు అయింది. అపాచీ లైసెన్స్, డబ్బు కట్టక్కర్లేదు. ఇది సర్వర్ కాదు, లైబ్రరీ. మామూలు జావా ప్రోగ్రామ్‌లో, స్ప్రింగ్ బూట్, క్వార్కస్ లాంటి జావా ఫ్రేమ్‌వర్క్‌లలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. 300కి పైగా కాంపోనెంట్లు (ఒక్కో రకం సిస్టమ్‌తో మాట్లాడే ముక్కలు) ఉన్నాయి. క్యూలే కాదు, ఫైళ్లు, ఎఫ్‌టీపీ, హెచ్‌టీటీపీ, డేటాబేస్‌లు అన్నిటికీ ఉన్నాయి. మనం రాసేది రూట్ మాత్రమే. మాటల్లో చెప్పాలంటే: ఐబీఎం ఎంక్యూలో ఫలానా క్యూ నుంచి తీసుకో, రసీదు నంబరు లాగ్‌లో రాయి, ఈ హెడర్లు (మెసేజ్‌తో పాటు వెళ్లే అదనపు వివరాలు) తీసేయి, రాబిట్‌ఎంక్యూలో ఫలానా ఎక్స్ఛేంజికి ఇవ్వు. కోడ్ కూడా దాదాపు ఇదే వరసలో ఉంటుంది. మా 1,400 లైన్లు 110 అయ్యాయి. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజే చదివి అర్థం చేసుకుంటున్నారు. పాత కోడ్ చదవడానికి నాకే వారం పట్టేది.

నాకు దీనిలో బాగా నచ్చింది టెస్టింగ్. అసలు ఎంక్యూ లేకుండానే రూట్ రెండు చివరలా నకిలీ ఎండ్‌పాయింట్లు (మెసేజ్ వచ్చే చోటు, వెళ్లే చోటు) పెట్టి, మధ్యలో కావాలని ఎర్రర్ విసిరి, మెసేజ్ ఏమైందో చూడొచ్చు. "రాబిట్‌ఎంక్యూ పడిపోతే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకి పాత బ్రిడ్జి ఉన్నప్పుడు మా జవాబు "పడిపోయినప్పుడు చూద్దాం". ఇప్పుడు ప్రతి బిల్డ్‌లోనూ ఆ ప్రశ్నకి టెస్ట్ ఉంది.

కామెల్ కూడా మాకు ఒక పాఠం నేర్పకుండా వదల్లేదు. అది జరిగిన రోజు 5వ తేదీ, ఈఎంఐల రోజు. కోర్ సిస్టమ్ నుంచి రసీదు మెసేజ్‌లు ఐబీఎం ఎంక్యూలోకి వస్తాయి, మా రూట్ వాటిని యాక్టివ్‌ఎంక్యూలో వేస్తుంది, బ్రాంచిలో ప్రింటర్ కాగితం తీస్తుంది. పదిన్నరకి ఆపరేషన్స్‌లో ఉండే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బ్రాంచిలో ఒకే రసీదు మూడు సార్లు ప్రింట్ అవుతోందట. కౌంటర్ ముందు లైను వీధిలోకి వచ్చేసిందట."

మూడు రసీదుల మీద టైమ్ చూడమన్నాను. సెకన్లతో సహా చదివాడు. ఒక్కొక్కదానికీ మధ్య 20 సెకన్లు.

ఆ 20 చూడగానే దారి దొరికింది. ముందు రోజు రాత్రి కోర్ సిస్టమ్ వాళ్లు ఒక మార్పు పెట్టారు. మెసేజ్‌లో రిప్లై టు అనే చోట ఒక క్యూ పేరు నింపడం మొదలుపెట్టారు. వాళ్ల రిపోర్టుల కోసం పెట్టుకున్నది, మాకు సంబంధం లేదు. కానీ రిప్లై టు ఉన్న జేఎంఎస్ మెసేజ్ వస్తే, పంపినవాళ్లు జవాబు కోసం ఎదురుచూస్తున్నారని కామెల్ అనుకుంటుంది. దాంతో రూట్ మొత్తం ప్రశ్న-జవాబు పద్ధతికి మారుతుంది. యాక్టివ్‌ఎంక్యూకి మెసేజ్ పంపి ఊరుకోదు, అవతలి నుంచి జవాబు వచ్చేదాకా కూర్చుంటుంది. ఎంతసేపంటే, డీఫాల్ట్‌గా 20 సెకన్లు. బ్రాంచి సాఫ్ట్‌వేర్ జవాబు ఇవ్వదు కదా. టైమౌట్ అయింది, ఎర్రర్ వచ్చింది, ఐబీఎం ఎంక్యూ వైపు రోల్‌బ్యాక్ అయింది, అంటే తీసిన మెసేజ్ తిరిగి క్యూలోకి వెళ్లింది, అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. కానీ యాక్టివ్‌ఎంక్యూకి వెళ్లిన కాపీ వెళ్లిపోయినట్టే, అది వెనక్కి రాదు. ప్రింటర్ రెండో కాగితం తీసింది. తర్వాత మూడోది. మూడు దగ్గర ఎందుకు ఆగిందంటే, ఆ క్యూకి బ్యాకౌట్ త్రెషోల్డ్ (ఎన్నిసార్లు వెనక్కి వస్తే మెసేజ్‌ని పక్కన పెట్టాలన్న హద్దు) 3 అని మేం పెట్టుకున్నాం, ఆ తర్వాత మెసేజ్ బ్యాకౌట్ క్యూకి వెళ్లిపోయింది. పెట్టుకోకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ విలువ డీఫాల్ట్‌గా సున్నా, అంటే హద్దు లేనట్టే.

ఎండ్‌పాయింట్ చివర 'డిసేబుల్ రిప్లై టు' అనే ఆప్షన్ ట్రూ అని పెట్టడంతో సమస్య తీరిపోయింది. ఒక్క పదం. కామెల్ డాక్యుమెంటేషన్‌లో ఈ ప్రవర్తన గురించి స్పష్టంగానే ఉంది, చదవనిది మేమే. అయినా నా అభిప్రాయం ఒకటి చెబుతాను. రెండు బ్రోకర్ల మధ్య బ్రిడ్జి కట్టేవాళ్లలో ఎక్కువమందికి ఒకవైపు ప్రయాణమే కావాలి. మీరు కామెల్‌తో జేఎంఎస్ రూట్ రాస్తుంటే, అవసరం ఉందో లేదో తర్వాత ఆలోచించండి, ముందు ఈ ఆప్షన్ పెట్టేయండి. ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లలో కూలి పని మానుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. మూడు రసీదులు చూసి మూడు వాయిదాలు కట్ చేశారేమోనని భయపడ్డారట. బ్రాంచి వాళ్లు ఒక్కొక్కరికీ నచ్చజెప్పి పంపారు.

ఇప్పుడు అసలు విషయం, రెండుసార్లు చేరడం గురించి. ఐబీఎం ఎంక్యూ నుంచి తీసి రాబిట్‌ఎంక్యూలో వేసే రూట్‌లో రెండు పనులున్నాయి. అక్కడ వెయ్యడం, ఇక్కడ కొట్టేయడం. ముందు ఇక్కడ కొట్టేసి తర్వాత అక్కడ వేస్తే, మధ్యలో కరెంటు పోతే మెసేజ్ పోతుంది. ముందు అక్కడ వేసి తర్వాత ఇక్కడ కొట్టేస్తే, మధ్యలో కరెంటు పోతే మెసేజ్ రెండుసార్లు చేరుతుంది. రెండిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే రెండూ, లేకపోతే ఏదీ లేదు) కట్టేసే ఎక్స్‌ఏ పద్ధతి ఉంది కానీ రాబిట్‌ఎంక్యూ ఎక్స్‌ఏలో చేరదు. కాబట్టి రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే. కామెల్ వచ్చినా, ఇంకేది వచ్చినా ఈ లెక్క మారదు. డబ్బు కబుర్లలో పోవడం కంటే రెండుసార్లు రావడమే మేలు. రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టగలం, రానిదాన్ని ఎలా గుర్తుపడతాం?

కామెల్‌లో దీనికి పెట్టాల్సినవి ఇవి. ఐబీఎం ఎంక్యూ వైపు 'ట్రాన్సాక్టెడ్' ట్రూ. ట్రాన్సాక్షన్ మేనేజర్ అక్కర్లేదని చెప్పే 'లేజీ క్రియేట్ ట్రాన్సాక్షన్ మేనేజర్' ఫాల్స్. రాబిట్‌ఎంక్యూ వైపు కనెక్షన్ ఫ్యాక్టరీలోనే (కనెక్షన్లు తయారుచేసే భాగం) పబ్లిషర్ కన్‌ఫర్మ్ ఆన్ చెయ్యాలి, అక్కడ ఆఫ్‌లో ఉంటే కామెల్ ఎదురుచూడదు. ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు: ఎర్రర్ వచ్చిన మెసేజ్‌లు పక్కకి తీద్దామని రూట్‌కి డెడ్ లెటర్ ఛానెల్ తగిలిస్తే, ఆ ఎర్రర్ 'చూసుకున్నాం' అన్న లెక్కలోకి వెళ్తుంది. ఐబీఎం ఎంక్యూ వైపు రోల్‌బ్యాక్ కాదు, కమిట్ అవుతుంది, అంటే అక్కడి నుంచి మెసేజ్ పోతుంది. ఆ డెడ్ లెటర్ చోటు గట్టిదైతేనే అది మంచిది. మేం దాన్ని తీసేసి, ఎంక్యూ బ్యాకౌట్ క్యూ మీదే ఆధారపడ్డాం.

డూప్లికేట్లు ఆపడానికి కామెల్‌లో ఐడెంపొటెంట్ కన్స్యూమర్ అని చక్కటి సదుపాయం ఉంది. చూసిన నంబర్లు డేటాబేస్ టేబుల్లో రాసుకుని, మళ్లీ వస్తే వదిలేస్తుంది. నేను బ్రిడ్జిలో దాన్ని వాడలేదు, కారణం చెబుతాను. డీఫాల్ట్‌గా అది పని మొదలవకముందే నంబరు రాసేస్తుంది. పని మధ్యలో ఎర్రర్ వస్తే చెరిపేస్తుంది, బాగానే ఉంది. కానీ ఎర్రర్ కాకుండా సర్వరే చచ్చిపోతే చెరిపేవాళ్లు ఎవరూ లేరు. లేచాక అదే మెసేజ్ మళ్లీ వస్తే, "ఇది చూసేశాను" అని వదిలేస్తుంది. అసలు అది అవతలికి చేరనే లేదు! డూప్లికేట్ ఆపబోయి మెసేజ్ పోగొట్టుకున్నట్టు. అందుకని కాపలా చివరి ఇంటి గుమ్మంలో పెట్టాం. యాప్ టీమ్ డేటాబేస్‌లో రసీదు నంబరు మీద యూనిక్ కీ (అదే నంబరు రెండోసారి రాయనివ్వని నియమం) పెట్టించాం, ఎంట్రీ రాసే ట్రాన్సాక్షన్‌లోనే అదీ ఉంటుంది. మెసేజ్ ఐడీ మీద కాదు, రసీదు నంబరు మీదే. కోర్ సిస్టమ్ వాళ్లు అదే రసీదు మళ్లీ పంపితే మెసేజ్ ఐడీ కొత్తదొస్తుంది, రసీదు నంబరు మారదు.

చిన్నవి రెండు త్వరగా చెప్పేస్తాను. జేఎంఎస్‌లో ప్రాపర్టీ పేర్లలో హైఫన్, చుక్క ఉండకూడదు. రాబిట్‌ఎంక్యూ హెడర్లలో అవి మామూలే. కామెల్ హైఫన్‌ని '_HYPHEN_' అనే అక్షరాలుగా మార్చి పంపుతుంది. అవతల కూడా కామెల్ ఉంటే తిరిగి మార్చుకుంటుంది, లేకపోతే వాళ్లకి ఆ వింత పేరే కనిపిస్తుంది. హెడర్ల పేర్లు ముందే మామూలు అక్షరాలతో పెట్టుకోండి. రెండోది, ఐబీఎం ఎంక్యూలో మెసేజ్ ఐడీ, కోరిలేషన్ ఐడీ (జవాబుని దాని ప్రశ్నతో జతచేసేది) సరిగ్గా 24 బైట్లు. రాబిట్‌ఎంక్యూలో కోరిలేషన్ ఐడీ మామూలు స్ట్రింగ్, మనం ఏమిస్తే అది. జవాబులు వెనక్కి పంపే రూట్ ఉంటే అసలు ఐడీని ఒక హెడర్‌లో దాచి తీసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో వాడుకోవాలి.

క్యూ నిండిపోవడం గురించి కూడా ఎవరూ ముందే చెప్పరు. ఒక శనివారం రాత్రి రాబిట్‌ఎంక్యూ సర్వర్‌లో మా లాగ్ ఫైళ్లే డిస్క్ నింపేశాయి. ఖాళీ చోటు హద్దు కంటే తగ్గితే రాబిట్‌ఎంక్యూ పంపేవాళ్లని ఆపేస్తుంది. డీఫాల్ట్ హద్దు 50 ఎంబీ. మా బ్రిడ్జి ఆగింది, ఒక్క మెసేజ్ కూడా పోలేదు, అన్నీ ఐబీఎం ఎంక్యూలోనే భద్రంగా ఉన్నాయి. ఇంతవరకూ అనుకున్నట్టే. కానీ ఐబీఎం ఎంక్యూలో క్యూ లోతు డీఫాల్ట్ 5,000 మెసేజ్‌లు. అది నిండాక కోర్ సిస్టమ్‌కి 2053 ఎర్రర్ మొదలైంది. ఎస్సెమ్మెస్ వెళ్లకపోవడం చిన్న సమస్య, కోర్ సిస్టమ్ ఆగడం పెద్ద సమస్య. మా చిన్న సమస్య దాని ఇంటిదాకా వెళ్లింది. ఇప్పుడు క్యూ లోతు పెంచాం, 60 శాతం నిండితే ఫోన్ మోగుతుంది. బ్రిడ్జి కట్టేటప్పుడు అవతలి సర్వర్ ఎన్ని గంటలు పడిపోతే ఇవతల తట్టుకోవాలో లెక్కేసి క్యూ సైజు పెట్టాలని ఆ శనివారం తెలిసింది.

ఇంకేం వాడొచ్చని అడిగేవాళ్లకి: రెండువైపులా రాబిట్‌ఎంక్యూలే ఉంటే షవల్ ప్లగిన్ చాలు, కామెల్ అక్కర్లేదు. కోడ్ రాయకుండా సెట్టింగ్‌లతోనే అయిపోతుంది. ఐబీఎం ఎంక్యూ నుంచి కాఫ్కా అనే ఇంకో మెసేజింగ్ సర్వర్‌కి మాత్రమే అయితే ఐబీఎం వాళ్లే ఇచ్చే కాఫ్కా కనెక్ట్ కనెక్టర్ చూడండి. స్ప్రింగ్ బాగా తెలిసిన టీమ్ అయితే స్ప్రింగ్ ఇంటిగ్రేషన్ కూడా మంచిదే. మూడు నాలుగు రకాల సిస్టమ్‌లు ఉండి, మధ్యలో మెసేజ్ రూపం మార్చాల్సి వచ్చి, రేపు ఇంకోటి చేరుతుందనుకుంటే కామెల్ లాంటిది నాకు కనిపించలేదు. ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి ఎర్రర్లు వచ్చినప్పుడు స్టాక్ ట్రేస్ (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ వచ్చిందో చూపే జాబితా) చదవడం కష్టం కాబట్టి, ఆప్షన్లు మరీ ఎక్కువ కాబట్టి. ఒక్క జేఎంఎస్ కాంపోనెంట్ ఆప్షన్ల పేజీయే కిందికి జరుపుతూ ఉంటే అయిపోదు. ఏది మనకి కావాలో తెలియాలంటే రెండు బ్రోకర్ల గురించీ ముందే తెలిసి ఉండాలి.

వెర్షన్ల సంగతి కూడా కాస్త చూసుకోండి. కామెల్ 4 వెర్షన్ 2023 ఆగస్టులో వచ్చింది, జావా 17 కావాలి. జావా లైబ్రరీల్లో జావాఎక్స్‌తో మొదలయ్యే పేర్లు పోయి జకార్తాతో మొదలయ్యే పేర్లు వచ్చాయి. అందుకని ఐబీఎం ఎంక్యూ క్లయింట్ కూడా జకార్తాది వేరేగా తీసుకోవాలి, పాతది పెడితే కలవదు. పాత రాబిట్‌ఎంక్యూ కాంపోనెంట్ 4లో లేదు, స్ప్రింగ్ రాబిట్‌ఎంక్యూ కాంపోనెంట్ వాడాలి. దాని ఆప్షన్ల పేర్లు వేరు. రూట్‌లు మార్చడం మాకు రెండు రోజుల పని, ఆప్షన్లు ఒక్కొక్కటీ సరిచూడటం మూడు వారాల పని.

ఆ మూడు వారాల్లో నేను ఎప్పుడూ పంపే మొదటి టెస్ట్ మెసేజ్ ఒకటుంది. దాని కథ చెప్పాలి.

బ్రిడ్జి పెట్టిన మొదటి ఏడాది, యాప్‌లో తెలుగు పేర్లు చూపించడం మొదలుపెట్టారు. వారానికే ఒక కస్టమర్ బ్రాంచికి వెళ్లి, ఫోన్ చూపించి, "ఇది నా పేరు కాదమ్మా" అందట. స్క్రీన్‌షాట్ నా దగ్గరికి వచ్చింది. లక్ష్మి అని ఉండాల్సిన చోట నెత్తిన చిన్న గీతతో ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, చిన్న 2, మళ్లీ గీత ఏ, మళ్లీ డిగ్రీ. యాప్ టీమ్ ఫాంట్ సమస్య అన్నారు. కోర్ టీమ్ మా వైపు బాగానే ఉందన్నారు. మధ్యలో ఉన్నది బ్రిడ్జి, అంటే నేను.

బైట్లు లెక్కపెట్టాను. లక్ష్మి కంటికి రెండు అక్షరాలే. కంప్యూటర్‌కి మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే 21. రాబిట్‌ఎంక్యూలో పడిన మెసేజ్‌లో పేరు చోట 42 ఉన్నాయి. సరిగ్గా రెట్టింపు. అంటే ఎవరో ఒక్కో బైట్‌నీ ఒక్కో అక్షరం అనుకుని మళ్లీ యూటీఎఫ్-8 చేశారు. ఐబీఎం ఎంక్యూలో ప్రతి మెసేజ్ మీదా సీసీఎస్ఐడీ అని ఒక నంబరు ఉంటుంది, లోపలి అక్షరాలు ఏ కోడ్‌లో ఉన్నాయో చెప్పే చీటీ అది. 1208 అంటే యూటీఎఫ్-8. 819 అంటే పాత పశ్చిమ యూరప్ లిపి. కోర్ సిస్టమ్ లోపల యూటీఎఫ్-8 పెట్టి పైన 819 చీటీ అంటిస్తోంది. ఇంగ్లీషు పేర్లకి రెండూ ఒకటే కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియలేదు. కామెల్ చీటీని నమ్మి చదివింది, దాని తప్పేమీ లేదు.

కోర్ వాళ్లు చీటీ మార్చడానికి రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా రూట్‌లో రెండు లైన్లు పెట్టాను: వచ్చిన టెక్స్ట్‌ని 819 ప్రకారం తిరిగి బైట్లు చెయ్యి, ఆ బైట్లని యూటీఎఫ్-8గా చదువు. ఆ సాయంత్రమే యాప్‌లో పేరు సరిగ్గా వచ్చింది. కోర్ వాళ్లు మార్చిన రాత్రి మేలుకుని ఉండి ఆ రెండు లైన్లు తీసేశాను, లేకపోతే మళ్లీ చెడిపోయేది.

అప్పటినుంచి కామెల్ వెర్షన్ మారినా, ఎంక్యూ క్లయింట్ మారినా, కొత్త బ్రాంచి చేరినా, మొదట పంపే మెసేజ్‌లో పేరు లక్ష్మి. గత నెల 4కి మారిన రాత్రి కూడా అదే పంపి, యాక్టివ్‌ఎంక్యూలో ఒకసారి, రాబిట్‌ఎంక్యూలో ఒకసారి బైట్లు లెక్కపెట్టాను. రెండు చోట్లా 21.